తనిఖీ జవాబులు

ఆ ఫ్యాక్టరీలో చొక్కా కుట్టడం ఎవరూ నేర్పరు. పని వచ్చినవాళ్లే రావాలి. అబద్ధం చెప్పడం మాత్రం జీతమిచ్చి మరీ నేర్పుతారు.

ఏడాదికి రెండుసార్లు, చొక్కాలు కొనే కంపెనీ తరఫున తనిఖీవాళ్లు వస్తారు. వాళ్లు రావడానికి వారం ముందు నుంచే క్యాంటీన్‌లో రిహార్సల్ మొదలవుతుంది. సూపర్‌వైజర్ నిలబడి ప్రశ్నలడుగుతాడు. కుట్టేవాళ్లు, కత్తిరించేవాళ్లు, ఇస్త్రీవాళ్లు వరసగా లేచి జవాబులు చెప్పాలి. నోరు తెరిచే ముందు ప్రతిసారీ మణికట్టు చూసుకుంటాడు కాబట్టి ఆ సూపర్‌వైజర్‌కి గడియారం అని పేరు పడింది. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలియనట్టు తిరుగుతాడు.

"రోజుకి ఎన్ని గంటలు పని?"

"ఎనిమిది సార్."

"ఎవరైనా పదకొండు అన్నారో, మర్నాటి నుంచి ఇంట్లో కూచుని ఇరవై నాలుగ్గంటలూ లెక్కపెట్టుకోవచ్చు. మంచినీళ్లకి లేవనిస్తారా?"

"ఎప్పుడంటే అప్పుడు సార్."

"మీ మీద ఎవరైనా అరుస్తారా?"

వెనక బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవర్రా అది?" అని గడియారం అరిచాడు.

ఈ జవాబులు చెప్పడంలో ఫ్యాక్టరీ మొత్తానికీ మొనగత్తె ఒకతె ఉంది. చివరి బల్ల దగ్గర, మూడు ట్యూబులైట్ల కింద నిలబడి, తయారైన చొక్కాల్లో తప్పులు పట్టడం ఆమె పని. కుట్టు తప్పినచోట, బొత్తం వంకరపోయినచోట ఎర్రటి బాణం గుర్తున్న చిన్న స్టిక్కర్ అతికించి వెనక్కి పంపుతుంది. ఆ స్టిక్కర్ల షీటు ఎప్పుడూ ఏప్రన్ జేబులో ఉంటుంది. అందుకే ఆమెని అందరూ బాణాలక్క అంటారు. పదకొండేళ్లుగా ఇరవై రెండు తనిఖీలు దాటిన మనిషి. ప్రశ్న పూర్తికాగానే లోలోపల రెండంకెలు లెక్కపెట్టి, కాస్త నవ్వి, పొట్టి జవాబొకటి చెప్తుంది. మొహంలో ఒక్క గీత కదలదు.

"చూసి నేర్చుకోండి" అంటాడు గడియారం, కొత్తవాళ్లకి ఆమెని చూపించి. "ఈవిడ మాటకి దేవుడు కూడా సంతకం పెట్టేస్తాడు."

అలా మెచ్చుకున్న రోజే, గురువారం, రిహార్సల్ ముగించుకుని మెట్ల కిందికి వచ్చి లాకర్లోంచి ఫోన్ తీసిందో లేదో, అది మోగింది.

పదకొండు వారాలుగా ఆమె ఎదురుచూస్తున్న ఫోన్ అది.

పదకొండు వారాల కింద ఆమె కూతురు, పద్దెనిమిదేళ్ల పిల్ల, కాలేజీ మానేసింది. మానేశానని చెప్పలేదు. ఒకరోజు వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు, అంతే. గదిలోకి పోయి గడియ వేసుకుంది. ఫోన్ కట్టేసింది. పగలు పడుకుని ఉంటుంది గానీ నిద్రపోతుందో లేదో ఎవరికీ తెలియదు. గుమ్మం ముందు పెట్టిన కంచం సగానికి సగంసార్లు పెట్టినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లు లేనప్పుడు మాత్రం బయటికి వస్తుందని స్నానాలగదిలో తడిని చూసి అనుకోవాలి. ఆ తడి కూడా ఈమధ్య కనిపించడం లేదు.

ఇందులో కడుపుమండే సంగతేమిటంటే ఆ పిల్ల ముద్దుపేరు వాగుడుకాయ. చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేది. బస్సెక్కితే దిగేలోపు పక్కసీటావిడ పిల్లల పేర్లు, వాళ్లకి వచ్చిన మార్కులు, ఆవిడ మోకాలి నొప్పి సహా అన్నీ కనుక్కునేది. ఆ వాగుడుకాయ నోట్లోంచి ఇప్పుడు రోజుకి నాలుగు మాటలు రావడం గగనమైపోయింది. వచ్చే నాలుగూ 'వద్దు', 'వెళ్లు', 'తర్వాత', 'వద్దు'.

మానసిక ఆరోగ్య కేంద్రం ఊరికంతటికీ ఒక్కటే. అక్కడ మొదటి వారమే పేరు రాయించుకుంటే వరసలో పెట్టారు. వరస వచ్చినప్పుడు ఫోన్ చేస్తారట. పది ప్రశ్నలడుగుతారట. జవాబులకి మార్కులేస్తారట. మార్కులు ఎక్కువొస్తే డాక్టరు చూస్తాడు, తక్కువొస్తే చూడడు. జవాబులు రోగే చెప్పాలి. ఈ నియమం పెట్టినవాడెవడో గానీ, వాడి తెలివికి దండం పెట్టాలి. ఫోన్ ఎత్తలేకపోవడమే ఆ పిల్లకున్న రోగం, ఫోన్ ఎత్తి మాట్లాడితేనే వైద్యం. కాలు విరిగినవాణ్ణి మూడంతస్తులు ఎక్కి వచ్చి కట్టు కట్టించుకోమన్నట్టుంది.

"ఎవరండీ మాట్లాడేది? పేషెంటేనా?" అంది ఫోన్లో గొంతు. మర్యాదగా ఉంది, తొందరగానూ ఉంది.

కాదంటే ఫోన్ పెట్టేస్తారు. పెట్టేస్తే మళ్లీ పదకొండు వారాలు. బాణాలక్క ఒక్క క్షణం తటపటాయించింది.

"నేనే సార్" అంది.

"గత రెండు వారాల గురించి అడుగుతానమ్మా. నిద్ర సరిగ్గా పడుతోందా?"

అక్కడ జరిగింది ఆ ఘోరం. ఎదుట ఆఫీసు గొంతు. చేతిలో కాగితం ఉన్నట్టు, గీత గీస్తున్నట్టు, వరసగా వచ్చే ప్రశ్నలు. అరగంట కింద ఇలాంటి ప్రశ్నలకే ముప్ఫైసార్లు జవాబులు చెప్పి వేడెక్కిన నాలుక. రెండంకెలు లెక్కపెట్టింది. ఫోన్లో కనపడదని తెలిసినా కాస్త నవ్వింది.

"పడుతోంది సార్."

"ఆకలి?"

"బాగానే ఉంది సార్."

"ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం లాంటిది?"

"అబ్బే, అలాంటిదేం లేదు సార్."

ఆరో ప్రశ్న దగ్గర ఏదో తేడాగా తోచింది. ఏం చేస్తున్నాను నేను అనుకుంది. అనుకుంటూనే ఏడోదానికి "లేదు సార్" అనేసింది. పదోదానికి, బతికి లాభం లేదని ఎప్పుడైనా అనిపించిందా అన్నదానికి, అన్నిటికంటే గట్టిగా, అన్నిటికంటే చప్పున చెప్పింది. "ఛ ఛ, ఎందుకనిపిస్తుంది సార్!"

"చాలా సంతోషమమ్మా. మీ స్కోరు సున్నా. డాక్టరు అవసరం లేదు. రోజూ కాస్త నడవండి. కేసు మూసేస్తున్నాం."

"థాంక్యూ సార్" అంది బాణాలక్క.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. తర్వాత అది జారిపోయింది. మెట్ల మీద కూలబడింది. దారాలు కత్తిరించే ముసలావిడ, అందరికీ పిన్ని, పక్కన నిలబడి చూసింది.

"ఏంటే, ఎవరైనా పోయారా?"

"లేదు పిన్నీ. తనిఖీ పాసయ్యాను."

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. అతను లిఫ్టు మెకానిక్. సాకెట్టూ స్క్రూడ్రైవరూ తప్ప లోకంలో ఇంకేదీ అతనికి తిన్నగా అర్థం కాదు.

"ఇంకేం మరి, మంచిదేగా!" అన్నాడు బూట్లు విప్పుతూ. "వాళ్లే ఏం లేదన్నారుగా."

"వాళ్లు ఏం లేదన్నది నాకయ్యా. దానికి కాదు."

"నీకెందుకు చెప్పారు?"

"నేనే చెప్పించుకున్నాను!" ఆమె అరిచింది. "నిద్ర పడుతోందన్నాను. తింటోందన్నాను. ఆ గొంతు వినగానే నా నోరు నా మాట వినలేదు."

"నాకు తెలియకడుగుతాను, దానికసలు ఏమైందే? మన ఇద్దరం పనికి పోవట్లా? మనకి లేవబుద్ధవుతుందా పొద్దున్నే? ఎక్కడో ఇరుక్కుంది. నాలుగు కేకలేస్తే కదులుతుంది."

"వేశావుగా, పదకొండు వారాల్నుంచి. కదిలిందా?"

ఆ తలుపుకి ఇవతల వాళ్లిద్దరూ అలా అరుచుకుంటుంటే, అవతల పిల్ల అన్నీ వింటూనే ఉందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. కోపం వచ్చినప్పుడు పెద్దవాళ్లు తలుపుని గోడ అనుకుంటారు.

శనివారం ఒంటిపూట పని. బాణాలక్క నేరుగా కేంద్రానికి వెళ్లింది. పొడవాటి గది, గోడలకి నవ్వుతున్న మొహాల పోస్టర్లు, 'మాట్లాడండి, భారం దించుకోండి' అని పెద్ద అక్షరాలు. కింద బల్లల మీద మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడకుండా కూచుని ఉన్నారు. అద్దం వెనక గుమస్తా. అద్దానికి చిన్న కన్నం ఉంది. మెడ వంచి, ఆ కన్నంలోకి మాట్లాడాలి.

"అబద్ధం చెప్పాను బాబూ" అంది కన్నంలోకి.

"ఎవరికి?"

"మీకే. ఫోన్లో. మా అమ్మాయి బదులు నేను చెప్పాను. అన్నీ తప్పులే చెప్పాను."

అతను కంప్యూటర్‌లో వెతికాడు. "పేషెంటే స్వయంగా జవాబులు చెప్పినట్టుంది ఇక్కడ."

"ఆ పేషెంటు నేనే."

"అయితే మీకు డిప్రెషన్ లేదమ్మా. సంతోషించండి."

వెనక బల్ల మీద ఎవరో నవ్వారు. బాణాలక్కకి మండిపోయింది.

"బాబూ, నేను నవ్వులాటకి రాలేదు. నా కూతురు పదకొండు వారాల్నుంచి ఎండ చూడలేదు. మీ కాగితంలో తప్పు పడింది. పడేసింది నేనే, ఒప్పుకుంటున్నాను. తప్పు పడ్డ చొక్కాని మేం వెనక్కి పంపుతాం, సరిచేస్తాం. మీ దగ్గర వెనక్కి పంపే దారి లేదా?"

"మళ్లీ కొత్తగా రాయించుకోవాలి."

"మళ్లీ పదకొండా?"

"ఇప్పుడు పదమూడు నడుస్తోంది."

ఆమె కదల్లేదు. వెనకవాళ్లు సణిగారు, ఆమె కదల్లేదు. గుమస్తా పిలిచాడు, గార్డు వచ్చాడు. అతను కూడా మెల్లగా, "అక్కా, లేవండి, నాకు మాటొస్తుంది" అన్నాడు. ఆమె అద్దం కన్నం దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడింది. పదకొండేళ్లు రోజుకి పదకొండు గంటలు నిలబడ్డ కాళ్లవి. నిలబడటంలో ఆమెతో పోటీ పడగలిగినవాడు ఆ ఆఫీసులో లేడు.

చివరికి లోపల్నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. నర్సు కాబోలు. విసుక్కుంటూనే ఒక దారి చెప్పింది. కేసు తిరిగి తెరవొచ్చు. పేషెంటు ఒప్పుకుని సంతకం పెడితే ఇంట్లోవాళ్లు ఒకరు బదులు చెప్పొచ్చు. ఆ ఒకరి పేరు, నంబరు ఫారంలో రాయాలి. సోమవారం ఫారం అందితే మంగళ, బుధ, గురువారాల్లో ఎప్పుడో ఒకప్పుడు, పదింటికీ ఐదింటికీ మధ్య ఫోన్ వస్తుంది. ఒక్కసారే. ఐదు రింగులు. ఎత్తకపోతే పదమూడు వారాలు.

"ఈ ఫారం సంగతి మొదటే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదుగా" అంది పెద్దావిడ. అదేదో మామూలు మాటన్నట్టు అంది.

బాణాలక్క అక్కడే ఫారంలో తన పేరు, తన నంబరు రాసింది. పది ప్రశ్నల కాగితం కూడా అడిగి తీసుకుంది.

సంతకం కోసం ఆ సాయంత్రమంతా తలుపు ముందు యుద్ధం. మొదట బతిమాలింది. తర్వాత తిట్టింది. "ఒక్క సంతకమే! రెండు గీతలే! నేను అక్కడ గార్డు చేత గెంటించుకునేదాకా నిలబడి వచ్చాను, నువ్వు చెయ్యి కదపలేవా?" తలుపు మీద అరచేత్తో కొట్టింది. లోపల్నుంచి ఏమీ రాలేదు. ఏడుపన్నా వస్తే బాగుండుననిపించింది. ఆ పిల్ల మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది ఆమెకి. అది నిజం. అలా కోపం రాని తల్లులు పోస్టర్లలో ఉంటారు.

ఆదివారం మధ్యాహ్నం ఏప్రన్ ఉతుకుదామని జేబులు తడిమితే ఎర్ర బాణాల షీటు చేతికి తగిలింది. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత వెళ్లి తలుపు ముందు నేల మీద కూచుని, ఫారాన్నీ ప్రశ్నల కాగితాన్నీ షీటునీ తలుపు కిందనుంచి లోపలికి తోసింది.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు" అంది. గొంతు అరిచి అరిచి బొంగురుపోయి ఉంది. "రాయక్కర్లేదు. ఒక్కో ప్రశ్న పక్కన బాణం అతికించు. అసలు లేకపోతే ఏమీ అతికించకు. అప్పుడప్పుడూ అయితే ఒకటి. చాలా రోజులైతే రెండు. రోజూ అయితే మూడు. నేను చేసే పనే. తప్పెక్కడుందో చూపించడమే. సరిచేసేది వేరేవాళ్లు."

సోమవారం పొద్దున ఆరింటికి పనికి బయల్దేరబోతూ చూస్తే కాగితాలు తలుపు బయట ఉన్నాయి. ఫారం మీద సంతకం ఉంది. వాగుడుకాయ సంతకం చిన్నప్పుడు కాగితమంతా పాకేది. ఇది మూలకి నక్కి ఉంది.

ప్రశ్నల కాగితం ఎర్రగా ఉంది.

నిద్ర, మూడు. ఆకలి, రెండు. దేని మీదా ధ్యాస లేకపోవడం, మూడు. నేను దేనికీ పనికిరాను అనిపించడం, మూడు. అక్కడ మూడో బాణాన్ని గట్టిగా నొక్కినట్టుంది, కాగితం కాస్త చిరిగింది. పదో ప్రశ్న. బతికి లాభం లేదనిపించిందా? రెండు బాణాలు. ఒకదాని పక్కన ఒకటి, తిన్నగా, జాగ్రత్తగా.

అన్నిటికంటే కింద ఒక గీత ఉంది: 'ఈ విషయం ఇంట్లో ఎవరికైనా చెప్పారా?' అక్కడ బాణం లేదు. పెన్సిల్‌తో రాసింది. 'చెప్పాను. వినలేదు.'

బాణాలక్కకి గుర్తొచ్చింది. కాలేజీ మానెయ్యడానికి నెల ముందు సంగతి. వంటగదిలో, ఆమె చెయ్యి కడుక్కుంటుంటే పిల్ల వెనక నిలబడి, "అమ్మా, నాకు లోపల బాగుండట్లేదు" అంది. "అందరికీ అలాగే ఉంటుంది, పోయి మొహం కడుక్కో" అందామె. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పని మీద ఉన్నప్పుడు ఆమె తప్పు వదిలిపెట్టదని పేరు.

కాగితం మొగుడి చేతిలో పెట్టింది. అతను నిలబడి చదివాడు, కూచుని మళ్లీ చదివాడు. కేంద్రానికి ఫోన్ చేశాడు. మీ కాల్ మాకు చాలా ముఖ్యం అంది రికార్డు గొంతు. పదిహేను నిమిషాలు అదే మాట. ఇప్పటికిప్పుడు ప్రమాదమనిపిస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అని కూడా అంది. అతను ఫోన్ పెట్టేసి, తలుపు దగ్గరికి వెళ్లి, ఎప్పుడూ మాట్లాడని గొంతుతో మాట్లాడాడు.

"వాగుడూ. సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకు. ఇవాళ, ఇప్పుడు, నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలని ఉందా? ఉంటే ఒకసారి తట్టు, ఇప్పుడే పోదాం, నేను ఎత్తుకుని తీసుకెళ్తా. లేకపోతే రెండుసార్లు తట్టు."

చాలాసేపటికి రెండుసార్లు చప్పుడైంది. మెల్లగా.

అతను అక్కడే నేల మీద కూచుండిపోయాడు. "నేను సెలవు పెడతా. లిఫ్టులు ఆగిపోతే మెట్లెక్కుతార్లే జనం. కాళ్లున్నాయిగా" అన్నాడు. తర్వాత భార్య వైపు చూడకుండా అన్నాడు: "లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే ముందు తలుపు తెరవడానికి చూడకూడదే. కంగారులో లోపలివాళ్లకి దెబ్బ తగులుతుంది. ముందు తలుపు దగ్గరికి పోయి, నేను బయటే ఉన్నా, ఎక్కడికీ పోను అని చెప్పాలి. మాకు మొదటిరోజు నేర్పే పాఠం అదే. ఇరవయ్యేళ్లుగా ఎంతమందికి చెప్పానో. ఇంట్లో మాత్రం సుత్తి పుచ్చుకున్నాను."

బాణాలక్క కేంద్రం తెరిచేదాకా ఆగి, ఫారం ఇచ్చి, ఆలస్యంగానే ఫ్యాక్టరీకి వెళ్లింది. ఫోన్ లాకర్లో పెట్టలేదు. ఏప్రన్ జేబులో, ప్రశ్నల కాగితంతో కలిపి దాచుకుంది. మంగళవారం ఫోన్ రాలేదు. జేబులో వణుకు పుట్టినట్టనిపించి పదిసార్లు తడుముకుంది. బుధవారం రాలేదు. ఇక మిగిలింది గురువారం. తనిఖీ రోజు.

బుధవారం సాయంత్రమే గడియారాన్ని సెలవడిగింది.

"తనిఖీ రోజు సెలవా? పెళ్లిరోజు పెళ్లికూతురు సెలవడిగినట్టుంది."

"మా అమ్మాయికి బాగాలేదు సార్."

"జ్వరమా?"

"కాదు సార్. మనసు బాగాలేదు."

గడియారం మణికట్టు చూసుకున్నాడు. "మనసు నాకూ బాగాలేదు. రేపు నువ్వు రాకపోతే ఎల్లుండి కూడా రానక్కర్లేదు."

గురువారం వెళ్లింది. వెళ్లక తప్పదు, సెలవులో ఉన్న మొగుడికి జీతం రాదు మరి. పదకొండున్నరకి ఆమెని క్యాంటీన్ పక్క చిన్నగదిలోకి పిలిచారు. తనిఖీ చేసే అమ్మాయికి ముప్ఫై ఏళ్లుంటాయి, పెద్ద కళ్లజోడు, ముందు లాప్‌టాప్. సూపర్‌వైజర్లు లోపలికి రాకూడదని నియమం. అందుకే గడియారం అద్దం తలుపు అవతల నిలబడ్డాడు. నియమం తప్పలేదు, కన్నూ తప్పలేదు.

"రోజుకి ఎన్ని గంటలు పని చేస్తారండీ?"

"ఎనిమిది మేడం."

"నీళ్లకి, బాత్రూంకి వెళ్లనిస్తారా?"

"ఎప్పుడంటే అప్పుడు మేడం."

"ఇంట్లో ఏదైనా అవసరముంటే ఫోన్ దగ్గర ఉంచుకోనిస్తారా?"

రెండంకెలు లెక్కపెట్టింది. కాస్త నవ్వింది. "ఉంచుకోనిస్తారు మేడం."

ఏప్రన్ జేబు మోగింది.

ఒకటో రింగు. అద్దం అవతల గడియారం తల అడ్డంగా ఊపాడు. రెండో రింగు. వేలు చూపించాడు. మూడో రింగుకి బాణాలక్క ఫోన్ తీసింది. నాలుగో రింగు మధ్యలో ఎత్తింది.

"ఎవరండీ మాట్లాడేది? పేషెంటేనా?"

"కాదు. పేషెంటు తల్లిని. ఫారంలో నా పేరుంది, చూసుకోండి."

"ఆఁ, ఉందమ్మా. గత రెండు వారాల గురించి అడుగుతాను. నిద్ర సరిగ్గా పడుతోందా?"

"పడు..." అంది నాలుక. పదకొండేళ్ల నాలుక అది, అంత తేలిగ్గా మారదు. ఆమె పళ్లు బిగించింది. కాగితాన్ని బల్ల మీద, లాప్‌టాప్ పక్కన పరిచింది. ఎర్ర బాణాలన్నీ ఆమెకేసి చూశాయి. వాటి మీద వేలు పెట్టుకుని చదివింది, చదువు అంతగా రానివాళ్లు చదివినట్టు.

"పడట్లేదు. రోజూ. మూడు వేసుకోండి."

"ఆకలి?"

"చాలా రోజులుగా లేదు. రెండు."

ఒక్కో జవాబుకీ ఆమె గొంతు పెరుగుతూ పోయింది. ఏడుపు కాదది, ఒళ్లుమంట. గుమస్తా మీద, గడియారం మీద, వంటగదిలో వెనక్కి తిరగని తన వీపు మీద. పదో ప్రశ్న వచ్చింది. ఆమె ఆగింది. అవతల గొంతు కూడా మొదటిసారి తొందరపడకుండా ఆగింది.

"అనిపించింది" అంది బాణాలక్క. "చాలా రోజులు. రెండు బాణాలు. నా కూతురు అతికించింది, నేను చదువుతున్నాను. క్రితంసారి నేను ఛ ఛ అన్నాను. ఆ ఛ ఛ కొట్టెయ్యండి."

"కొట్టేశానమ్మా." కాసేపు మీటల చప్పుడు. "ఇరవై ఐదు వచ్చింది. రేపు తొమ్మిదిన్నరకి డాక్టరు చూస్తారు. అమ్మాయిని తీసుకురాగలరా?"

రెండంకెలు లెక్కపెట్టలేదు. నవ్వలేదు. "తెలీదు బాబూ" అంది. "ప్రయత్నం చేస్తాను. ఇది నిజమైన జవాబు."

ఫోన్ పెట్టేసింది. కళ్లజోడు అమ్మాయి కాగితం వైపు చూసి, చూపు తిప్పుకుని, గొంతు సవరించుకుంది.

"సారీ అండీ... మనం... ఫోన్ దగ్గర ఉంచుకోనిస్తారా అని అడిగాను. మీరు ఉంచుకోనిస్తారన్నారు."

బాణాలక్క అద్దం వైపు చూసింది. గడియారం మణికట్టు చూసుకోవడం మర్చిపోయి తనకేసి చూస్తున్నాడు.

"ఉంచుకోనివ్వరు. అదీ కొట్టెయ్యండి. ఎనిమిది గంటలన్నాను, పదకొండు వేసుకోండి" అని లేచింది. "మిగతావి నా తర్వాత వచ్చేవాళ్లని అడగండి. చెప్తారో లేదో వాళ్లిష్టం. నాకు ఇంటికెళ్లాలి."

గడియారం తలుపు దగ్గర ఏదో అన్నాడు. రేపట్నుంచి అన్నాడు, ఇంకేదో అన్నాడు. ఆమె వినలేదు. మెట్ల దగ్గర పిన్ని చెయ్యి పట్టుకుంది.

"ఏమైందే?"

"తనిఖీ తప్పాను పిన్నీ."

ఇంటికి వచ్చేసరికి మొగుడు తలుపుకి వీపు ఆనించి కూచుని, ఎనిమిదో అంతస్తులో కుక్కతో సహా ఇరుక్కున్న లాయరు కథ ఎవరూ అడక్కుండానే చెప్తున్నాడు. ఆమెని చూసి ఆపేశాడు. ఆమె పక్కన కూచుంది.

"ఫోన్ వచ్చింది" అంది తలుపుతో. "నీ జవాబులే చెప్పాను. ఒక్కటి కూడా మార్చలేదు."

లోపల మంచం కిర్రుమంది.

"అన్నీనా?" వాడక తుప్పు పట్టిన గొంతు.

"అన్నీ."

"పదోది?"

"పదోది కూడా."

మొగుడు ఏదో అనబోతే ఆమె మోకాలితో పొడిచింది.

"రేపు తొమ్మిదిన్నరకి రమ్మన్నారు" అంది. "వస్తావో రావో నాకు తెలీదు. వాళ్లకీ అదే చెప్పాను."

"అక్కడ నేను మాట్లాడాలా?"

"నాకు తెలీదమ్మా. మాట్లాడలేకపోతే కాగితం పట్టుకెళ్దాం."

లోపల అడుగుల చప్పుడు, తలుపు దాకా వచ్చి ఆగింది. గడియ మాత్రం కదల్లేదు. తలుపు కింద సందులో రెండు పాదాల నీడ పడింది.

"నాన్న కథలో ఆ కుక్క ఏమైంది?"

"చెప్పనిస్తేగా మీ అమ్మ!" అన్నాడు మొగుడు.

"బాణాలు అయిపోయాయి" అంది లోపలి గొంతు. "ఇంకో షీటు కావాలి."

బాణాలక్క అప్పుడు చూసుకుంది. ఏప్రన్ విప్పకుండానే, దాంతోనే బస్సెక్కి వచ్చేసింది. అది ఫ్యాక్టరీ ఏప్రన్, వెనక్కి ఇమ్మంటారు కాబోలు. జేబులో చెయ్యి పెట్టింది. ఉంది, కొత్త షీటు, ఒక్కటీ వాడనిది. తలుపు కింద సందులోంచి సగం దాకా తోసి పట్టుకుంది.

అవతల్నుంచి వేళ్లు దాన్ని లాగాయి. ఆమె వెంటనే వదల్లేదు. ఇంకోసారి లాగాయి, కాస్త విసురుగా.

అప్పుడు వదిలింది.